ముందు వాటం, ఆ తర్వాతే పూత: పర్లాకిమిడి ఇంటి కప్పు మరమ్మతు డైరీ

ఏప్రిల్ మూడో వారం

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా ఇల్లు రెండు తరాల కట్టుబడి. వీధివైపు భాగం తాతగారి నాటి పెంకుటిల్లు, పైన బెంగుళూరు పెంకు. తొంభైల్లో నాన్న దాని వెనకవాలు తీసేసి, ఆ చోట వంటిల్లు, పూజగది, ఒక పడకగది కట్టించి శ్లాబు వేయించారు. శ్లాబు పొడవు 24 అడుగులు, వెడల్పు 20 అడుగులు. చుట్టూ పిట్టగోడ. వాన నీరు పోవడానికి తూర్పు గోడ మధ్యలో ఒకటే తూము. ఇప్పుడు మరమ్మతు ఈ శ్లాబుకీ, ఇది పెంకుటింటిని ఆనుకునే గోడకీ.

వంటింట్లో ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కలు పడుతున్నాయి. పూజగది ఉత్తరపు గోడకు పైఅంచు పొడవునా చెమ్మ, దాని మీద తెల్లగా ఉప్పు పొంగింది. పెంకు, శ్లాబు కలిసే గోడకు వానాకాలమంతా నీటి చారలే. ఇవన్నీ ఒక ఎత్తు, పడకగది కప్పుకు ఒకచోట పెచ్చు ఊడి ఊచ బయటపడటం ఒక ఎత్తు. నాకు టెన్షన్ అంతా ఆ ఊచ గురించే. ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం రెండు రెట్ల పైనే పెరుగుతుంది. కాంక్రీటు లోపల అంత చోటు ఉండదు కాబట్టి కాంక్రీటును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. పెచ్చులు ఊడటం అంటే అదే.

ఇంతకాలం ఈ ఇంటికి జరిగిన మరమ్మతులన్నీ లోపలివైపు నుంచే. ఊడిన చోట పుట్టీ, దాని మీద రంగు. బజారులో కూడా లోపలి గోడకు పూసే డ్యాంప్ మందులే ముందు చూపిస్తారు. లోపల పూసిన పూత శ్లాబులోకి నీరు దిగడాన్ని ఆపదు, దిగిన నీరు బయటికి రాకుండా మాత్రమే ఆపుతుంది. అంటే చెమ్మ కంటికి కనబడదు, నీరు మాత్రం ఊచల పక్కనే కూర్చుని ఉంటుంది. అందుకే ఈసారి లోపల ఒక్క బ్రష్షు కూడా వేయకుండా, పని మొత్తం పైనుంచే చేయాలని నిర్ణయించాం.

పనికి ఉన్న గడువు మాత్రం చిన్నది. ఈ వైపు నైరుతి వానలు జూన్ రెండో వారానికి అందుకుంటాయి. జూన్ మధ్యలో రజో పండగ. ఆ మూడు రోజులూ భూమికి విశ్రాంతి అని దున్నరు, తవ్వరు. ఒడియా పనివాళ్లు సొంత ఊళ్లకు పోతే మళ్లీ ఎప్పుడు వస్తారో చెప్పలేం. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట కాలబైశాఖి గాలివానలు ఎటూ తప్పవు. పరీక్షించడం ఏప్రిల్లో, పాత సిమెంటు కొట్టడం మే మొదట్లో, కొత్త సిమెంటు పని మే మధ్యలో, పూత రోహిణి కార్తెలో పెట్టుకున్నాం.

మేస్త్రిగారు పాతపట్నం వైపు పల్లె నుంచి వస్తారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. పనులకు, పెళ్లిళ్లకు, సంతకు మాత్రం ఇప్పటికీ ఆ గీత అడ్డం రాలేదు.

ఏప్రిల్ చివర: నీరు ఎక్కడ దిగుతోంది

మేస్త్రిగారు వచ్చీరాగానే మేడ ఎక్కలేదు. కింద గదులన్నీ తిరిగి, కారే చోట్లన్నీ బొగ్గుతో గుర్తు పెట్టించారు. తర్వాత పైకి వచ్చి ఒకటే అన్నారు. "బాబూ, నీరు కారిన కాడ కాదు, దిగిన కాడ సూడాల. ఆ రెండూ ఒకసోట ఉండవు."

ముందు వాటం, అంటే నీరు తూము వైపు జారే వాలు, చూశాం. దానికి పెద్ద పరికరం అక్కర్లేదు, నీళ్లు నింపిన పారదర్శకమైన లెవెల్ పైపు చాలు. ఒక కొస తూము దగ్గర, రెండో కొస శ్లాబు మీద నాలుగైదు చోట్ల పట్టి చూస్తే సంగతి తేలిపోయింది. తూము నోటి కంటే శ్లాబు ఉత్తరపు మధ్యభాగం ముప్పావు అంగుళం పల్లంలో ఉంది. నీరు తూముకు చేరాలంటే ముందు ఆ పల్లం నిండాలి. అది నిండితే నీరు ఆనుకునేది ఉత్తరపు పిట్టగోడ మొదటినే. కింద పూజగది గోడ చెమ్మ సరిగ్గా ఆ వరసలోనే ఉంది. శ్లాబు మీద పాచి మరకలు కూడా అదే చెబుతున్నాయి. నీరు నిలిచి ఎండిన చోట నల్లటి వలయాలు ఒకదానిలో ఒకటి కనబడుతున్నాయి. మీ మేడ మీద కూడా ఎండాకాలంలో ఆ వలయాలు వెతకండి. పల్లం ఎక్కడుందో అవే చూపిస్తాయి.

తర్వాత నీటి పరీక్ష. చెరువు బంకమట్టితో శ్లాబు మీద గట్లు పోసి నాలుగు మడులు చేశాం. ఒక్కో మడిలో రెండు అంగుళాల లోతు నీరు నింపి, ఒక రోజంతా ఉంచి, కింద చూడటం. నాలుగూ ఒకేసారి నింపకూడదు, నింపితే ఏ మడి నీరు ఎక్కడికి వచ్చిందో తెలియదు. రెండు అంగుళాలకు మించి పోయకూడదు. ఆ లోతు నీరే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. పెచ్చులూడుతున్న శ్లాబు మీద అంతకంటే పెట్టడం మంచిది కాదు. ఫ్యాను కొక్కెం దగ్గర నీరు పడుతోంది కాబట్టి ఆ గది కరెంటు లైను ముందే ఆపేశాం. ఇది మాత్రం ఎవరూ మరిచిపోవద్దు.

ఉత్తరపు మడి నింపితే పూజగది గోడకు సాయంత్రానికే తడి వచ్చింది. అది అనుకున్నదే. వంటింటి సంగతే ఎదురుచూడనిది. వంటింటికి నేరుగా పైనున్న మడి నింపినా కొక్కెం దగ్గర ఒక్క చుక్క లేదు. నైరుతి మూల మడి నింపిన గంటలోపే చుక్కలు మొదలయ్యాయి. ఆ మూలలో ఏముంది? పై అంతస్తు వేసుకుందామని నాన్న వదిలిన స్తంభం ఊచలు. ముప్ఫై ఏళ్లుగా ఎండకూ వానకూ నిలబడి తుప్పు పట్టాయి. ఊచకూ కాంక్రీటుకూ మధ్య సన్నని సందు ఏర్పడింది. నీరు ఆ సందులో దిగి, శ్లాబు లోపల పోసిన కరెంటు పైపులో చేరి, ఆ పైపు వెంబడే వంటింటి ఫ్యాను కొక్కెం దాకా నడిచి వస్తోంది. ఎనిమిది తొమ్మిది అడుగుల దూరం అది. కొక్కెం చుట్టూ ఎంత సిమెంటు పూసినా ఫలితం ఎందుకు లేదో అప్పుడు అందరికీ అర్థమైంది.

ఈ సరిహద్దు ఊళ్లలో ఏ మేడ చూసినా ఊచలు ఆకాశం వైపు నిలబడే ఉంటాయి. మన తర్వాతి వాళ్లు పైన కట్టుకుంటారన్న ఆశతో వదిలినవి. ఆశ ఉంచుకోవచ్చు, కానీ వాటిని మూయకుండా వదిలితే కింద ఉన్న ఇంటికే ముప్పు.

మే మొదటి రోజులు: కొట్టుడు

పాత శ్లాబు మీద వేర్వేరు కాలాల్లో వేసిన అతుకులు చాలా ఉన్నాయి. చిన్న ఇనప కడ్డీతో అడుగడుగునా తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, ఊడిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల ఉన్నదంతా తీసేయాలి. దాని మీద ఎంత ఖరీదైన పూత వేసినా అది కూడా ఆ డొల్లతోపాటే లేచిపోతుంది.

కొట్టడానికి మిషను వద్దన్నారు మేస్త్రిగారు. నాకూ అదే సరైనదనిపించింది. పాత శ్లాబుకు ఆ అదురు మంచిది కాదు. సుత్తి, శానంతో నిదానంగా తీయించాం. సగటున ఒక అంగుళం మందం లేచింది. తట్టలతో కిందికి దింపిన రబ్బిష్ లెక్క కడితే రెండు టన్నుల పైమాటే. ఈ లెక్కకు ఎందుకు పట్టుబట్టానంటే, తీసిన బరువెంతో తెలిస్తేనే తిరిగి ఎంత పెట్టవచ్చో తెలుస్తుంది.

వాటానికి వాడుకలో ఉన్న కొలత నూటికి ఒకటి, అంటే పది అడుగులకు అంగుళంపావు. ఒక్క తూర్పు తూముకే నీరంతా పంపాలంటే అవతలి మూలలు మూడు అంగుళాలకు పైగా లేవాలి. అంత సిమెంటు బరువు అయిదు టన్నులు దాటుతుంది. అదే పడమటి గోడ మధ్యలో రెండో తూము పెడితే నీరు రెండుగా చీలుతుంది. ఎత్తైన చోటు కూడా రెండు అంగుళాల లోపే ఉంటుంది, మొత్తం మూడున్నర టన్నులతో సరిపోతుంది. తీసినదాన్ని మినహాయిస్తే శ్లాబు మీద కొత్తగా పడేది ఒక టన్నుకు అటూ ఇటూ, అదీ 480 చదరపు అడుగుల మీద పరుచుకుని. తూము పెంచితే బరువు తగ్గుతుందన్న ఈ చిన్న లెక్క ఇల్లు కట్టే రోజునే ఎవరైనా వేసి ఉంటే ఈ పనే ఉండేది కాదు.

రెండో తూము పడితే నీరు దూకేది పక్కింటి మౌసీ వాళ్ల పెరటి వైపు. అందుకే గోడకు రంధ్రం పెట్టకముందే అమ్మా నేనూ వెళ్లి అడిగాం. "నీళ్లు మా బావి గట్టు మీద పడకుండా చూడు బాబా, అంతే" అంది మౌసీ. తూము నుంచి గోడ వెంబడి నిలువు పైపు దింపి వీధి కాలువలో కలిపేలా మాట ఇచ్చాం.

అదే వారం: రావి వేరు

ఉత్తరపు పిట్టగోడ మీద జానెడు రావి మొక్క ఉంది. పైకి జానెడే, గోడలో వేరు మూడడుగులు. ఇలాంటి మొక్కను ఆకులు గిల్లి వదిలేస్తే మరింత బలంగా వస్తుంది. వేరు లావెక్కేకొద్దీ గోడ, శ్లాబు కలిసే అతుకును విడదీస్తుంది. రావిని కొట్టడానికి అమ్మ మనసు ఒప్పుకోలేదు. పసుపు నీళ్లు చల్లి దణ్ణం పెట్టుకున్నాక, రెండు వరసల ఇటుక తీసి, వేరు తెగకుండా మొదలంటా లాగారు మేస్త్రిగారు. మొక్కను శివాలయం చెరువు గట్టున నాటాం. ఇటుక వరస తిరిగి కట్టేటప్పుడు కింది అతుకంతా కడిగి సిమెంటు పాలు పట్టించారు.

మే రెండో వారం: ఊచలు, తూములు, మూలలు

ఊచలు కోసేద్దామా అన్నది ఇంట్లో పెద్ద చర్చ. "మీ నాన్న అంత ఖర్చు పెట్టి వదిలించారు, రేపు మీ తమ్ముడు పైన వేసుకుంటానంటే?" అంది అమ్మ. కోయలేదు. వైరు బ్రష్షుతో తుప్పంతా రాలగొట్టి, చిక్కటి సిమెంటు పాలు రెండుసార్లు పట్టించి, ఊచల చుట్టూ చెక్క పెట్టె కట్టి పలచటి పాళ్ల కాంక్రీటుతో దిమ్మ పోశారు. సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు, కంకర ఎనిమిది పాళ్లు. రేపు పైన కట్టాలంటే సుత్తితో తేలిగ్గా విరగ్గొట్టవచ్చు. దిమ్మ నెత్తిన నీరు నిలవకుండా నాలుగు వైపులా వాలు ఇచ్చారు. పలచటి పాళ్లకు నీరు పీల్చే గుణం ఉంటుంది కాబట్టి తర్వాత పూత దీని మీద కూడా పూర్తిగా రావాలి.

తూము దగ్గర చేసిన పని అందరికీ పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. నాలుగు అంగుళాల పీవీసీ పైపును గోడలో పెట్టి చుట్టూ సిమెంటు పోస్తే ఆ రెండూ ఎప్పటికీ అతుక్కోవు. పీవీసీ నున్నన. కొన్నాళ్లకు చుట్టూ వెంట్రుక మందం సందు వస్తుంది, తూము పక్కనే గోడ నానుతుంది. అందుకని పైపు బయటి ఒంటిని ముందు గరుకు కాగితంతో గీకాలి. పైపులు అతికించే జిగురే దాని మీద పూసి, తడి ఆరకముందే పొడి ఇసుక చల్లాలి. ఇసుక పట్టిన ఆ గరుకుతనాన్ని సిమెంటు గట్టిగా పట్టుకుంటుంది. పైపు నోరు కొత్త సిమెంటు మట్టం కంటే అర అంగుళం పల్లంలో ఉండాలి. పాత తూమును కూడా ఊడదీసి ఇదే పద్ధతిలో తిరిగి పెట్టించాం. రెండింటికీ ఆకులు అడ్డుపడకుండా పైకి ఉబ్బిన జాలీలు తెచ్చాం. బల్లపరుపు జాలీ మీద రెండు వేపాకులు పడినా మూసుకుపోతుంది.

పిట్టగోడ, శ్లాబు కలిసే మూల శ్లాబుకు అన్నిటికంటే బలహీనమైన చోటు. దానికి కారణం ఎండ. కాంక్రీటు వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 24 అడుగుల శ్లాబుకు ఎండకూ రాత్రికీ 30 డిగ్రీల తేడా వస్తే నిడివిలో వచ్చే మార్పు రెండు మిల్లీమీటర్ల పైన. గోడ ఇటుక, శ్లాబు కాంక్రీటు, రెండూ ఒకేలా కదలవు. రోజూ జరిగే ఆ లాగులాటలో మూల పగులుతుంది. ఒట్టి సిమెంటుతో పూడిస్తే మళ్లీ అదే గీత మీద పగులుతుంది. కాబట్టి మూల పొడవునా అర అంగుళం గాడి కొట్టి, దుమ్ము ఊదేసి, సాగే గుణమున్న పాలీయురేథేన్ సీలెంటు నింపాం. దాని మీద మూలను గుండ్రంగా తిప్పుతూ ఒకటికి మూడు పాళ్ల సిమెంటుతో గోలా తీశారు. లంబకోణంలో ఉన్న మూలలో ఏ పూతైనా మడత దగ్గర పలచనవుతుంది. గోలా ఉంటే అంతటా ఒకే మందంలో పడుతుంది.

శ్లాబు మీది పగుళ్లకూ దాదాపు ఇదే వైద్యం. వెంట్రుకంత పగులును అలాగే పూడ్చడం కుదరదు. ఆంగ్లంలో వీ అక్షరం ఆకారంలో వెడల్పు చేసి, కడిగి, రబ్బరు పాలు కలిపిన సిమెంటుతో నింపాలి. బజారులో ఈ పాలను ఎస్బీఆర్ అని అడిగితే ఇస్తారు.

మే మధ్య: వాటం పోయడం

తెల్లవారుజామున మొదలుపెట్టారు, ఎండ ముదిరేసరికి ఆపేశారు. ముందురోజు సాయంత్రమే శ్లాబును బాగా తడిపి ఉంచాం. పొడి శ్లాబు కొత్త సిమెంటులోని నీటిని పీల్చేస్తుంది. నిలిచిన నీటిని తుడిచి, ఎస్బీఆర్ కలిపిన సిమెంటు పాలు బ్రష్షుతో పట్టించి, అవి ఆరకముందే దాని మీద సిమెంటు వేయాలి. పాలు ఆరిపోతే అతుకు కాదు, అడ్డు అవుతుంది. అందుకని ఒకరు పాలు పూస్తూ ముందు నడిస్తే, వెనకాలే మేస్త్రిగారు సిమెంటు పరుస్తూ వచ్చారు.

వాటం తప్పకుండా ఉండటానికి ముందే అక్కడక్కడా చిన్న సిమెంటు ముద్దలు పెట్టి, ఒక్కోదాని ఎత్తు లెవెల్ పైపుతో సరిచూసి, వాటి మధ్య పొడవాటి బద్దతో లాగారు. ఒకటికి నాలుగు పాళ్లు, తూముల దగ్గర పలచబడే చోట ఒకటికి మూడు. అంతా ఒకే పరుపుగా కాకుండా పది అడుగులకు ఒకటి చొప్పున విడదీసి పోశారు. అప్పుడు సిమెంటు ఆరేటప్పుడు ముడుచుకున్నా పగులు మనం చెప్పిన గీత మీదే వస్తుంది, ఆ గీతను సీలెంటుతో నింపుకోవచ్చు.

పైన సిమెంటు పొడి చల్లి అద్దంలా నున్నగా తీయడం మన వైపు అలవాటు. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ నున్నటి పొర మీద సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు వస్తాయి. పూత కూడా పట్టదు. చెక్కతో రుద్ది గరుకుగా వదిలేయమని అడిగాను. మేస్త్రిగారి మనసుకు అది అసంపూర్తి పనిలా తోచింది. "ఇలా వదిలితే ఊరోళ్లు మేస్త్రికి పని రాదంటారు బాబూ" అన్నారు. దీని మీద పూత పడుతుందనీ, ఆఖరికి కనిపించేది అదేననీ చెప్పాక ఒప్పుకున్నారు.

ఆ తర్వాత వారం పాటు నీళ్లు కట్టడమే పని. గోనె సంచులు పరిచి పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం తడిపాం. ఈ మధ్యలో ఒక సాయంత్రం కాలబైశాఖి వచ్చి సంచులన్నీ పెరట్లో పడేసింది, వాన మాత్రం మేలే చేసింది. రెండు తూముల నుంచీ నీరు ఒకేలా దూకడం చూసి మేస్త్రిగారు చాలాసేపు అక్కడే నిలబడ్డారు. పూత ఇంకా పడలేదు, అయినా ఆ వానకు వంటింట్లో చుక్క పడలేదు. ఈ పని మొత్తంలో నేను అందరికీ చెప్పాలనుకునేది ఇదే. నీటికి దారి ఇచ్చేసరికే జబ్బు సగానికి పైగా తగ్గింది. మందు డబ్బా ఇంకా మూత కూడా తీయలేదు.

రోహిణి కార్తె: పూత

కొత్త సిమెంటు పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. దాని మీద పూత వేస్తే ఎండకు ఆ తడి ఆవిరై పూతను బుడగలుగా లేపుతుంది. తెలుసుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఒకటి ఉంది. మూరెడు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని సిమెంటు మీద పరిచి నాలుగు అంచులా టేపు వేసి రాత్రంతా ఉంచాలి. పొద్దున అడుగున చెమ్మ బిందువులు కనిపిస్తే ఇంకా ఆగాలి. మాకు మొదట కనిపించాయి, ఆగాం. కాగితం పొడిగా వచ్చాకే డబ్బా మూత తీశాం.

దుకాణంలోని భాయినా (అన్న) "దశ బర్స గ్యారంటీ", అంటే పదేళ్ల గ్యారంటీ అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ ఆ గ్యారంటీ పూతకు. నీరు నిలిచే శ్లాబుకు, కదిలే మూలకు, డొల్ల సిమెంటుకు గ్యారంటీ ఏ డబ్బా మీదా ఉండదు. మేము తీసుకున్నది సాగే గుణమున్న తెల్లటి అక్రిలిక్ పూత. తెలుపు కావాలనే ఎంచుకున్నాం. ఎండను వెనక్కి కొడుతుంది, కింద గది చల్లబడుతుంది, శ్లాబు సాగడం ముడుచుకోవడం కూడా ఆ మేరకు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది కూడా ఇలాంటి కప్పుల కోసమే. ఒడిశా ఎండలకూ అలాంటి ఆలోచన ఎంతో అవసరం.

ముందు పూతకే నీళ్లు కలిపి పలచగా ఒక చేయి (ఒక పొర), ప్రైమరుగా. తర్వాత మూలలు, పగుళ్లు, తూముల నోళ్లు, ఊచల దిమ్మ చుట్టూ పూత వేసి, తడి మీదే ఫైబరు మెష్ పరిచి, దాని మీద మళ్లీ పూత. మెష్ లేకుండా మూలలో వేసిన పూత మొదటి ఏడాది బాగానే ఉంటుంది, రెండో ఏడు చీలుతుంది. తర్వాతే శ్లాబు మొత్తం ఒక చేయి తూర్పు పడమరలుగా, అది ఆరాక రెండో చేయి ఉత్తర దక్షిణాలుగా. పిట్టగోడ మీదికి కూడా అడుగు ఎత్తు పూత ఎక్కించాం. వాన కొట్టే చోట నీరు గోడ మీద చిమ్ముతుంది కదా.

రోహిణి ఎండలో మధ్యాహ్నం పూత వేయకూడదు. బ్రష్షు తీసేలోపే ఆరిపోయి సిమెంటులోకి దిగకుండా పైపైన తొక్కలా నిలుస్తుంది. పొద్దున ఎనిమిది లోపు, మళ్లీ ఎండ వాలాక మాత్రమే చేశాం. గరుకు సిమెంటు కాబట్టి డబ్బా మీద రాసిన లెక్క కంటే ఎక్కువ తాగింది, 20 లీటర్లకు పైగా పట్టింది.

జూన్ మొదటి రోజులు: పెంకు అంచు

పెంకుల పై వరస శ్లాబు గోడను ఆనుకునే చోట ఏనాడో సిమెంటు ముద్ద పెట్టారు. పెంకు కర్రల మీద ఉంది, గోడ పునాది మీద ఉంది. గాలికీ ఎండకూ రెండూ వేర్వేరుగా కదులుతాయి, మధ్యలో సిమెంటు పగలక ఏం చేస్తుంది? ఆ ముద్దంతా కొట్టేయించాం.

దాని చోట జింకు రేకు. గోడలో పెంకు మట్టానికి ఆరు అంగుళాల పైన అడ్డంగా అంగుళం లోతు గాడి కోయించి, రేకు పైఅంచును మడిచి ఆ గాడిలో దూర్చి సీలెంటు పెట్టాం. కింది అంచు పెంకుల మీదికి ఆరు అంగుళాలు వచ్చి స్వేచ్ఛగా ఉంటుంది. పెంకుకు దాన్ని బిగించలేదు, ఎవరి కదలిక వారిదే. రేకు ముక్కలు కలిసే చోట ఒకదాని మీదికి ఒకటి నాలుగు అంగుళాలు ఎక్కించాం.

పెంకు మీద నేరుగా అడుగు వేయకుండా వాసాల మీదికి వచ్చేలా రెండు పలకలు అడ్డంగా వేసి, పని చేసే మనిషి నడుముకు తాడు కట్టి, ఆ తాడు పిట్టగోడ మీదుగా దిమ్మకు చుట్టాం. కోతులు పగలగొట్టిన పెంకులు, పెంకు కింది పుచ్చిన రీపర్లు (చెక్క బద్దలు) రెండు అప్పుడే మార్చేశాం. పాత పెంకుల కొలత ఇప్పుడొచ్చే వాటికి సరిపోదు. కూల్చిన ఇళ్ల దగ్గర అమ్మే పాతవే వెతికి తెచ్చుకోవాలి. తాతగారి నాటి పెంకు ఇంకా గట్టిగానే ఉంది, ఆ వైపు శ్లాబు వేసేద్దామన్న మాటకు నేను ఒప్పుకోను.

రజో తర్వాత

పండగకు ముందే పని అయింది. ఆఖరి పరీక్షగా తూములు మూసి, శ్లాబు మీద నీరు కట్టి ఒక పగలూ రాత్రీ ఉంచాం. కింద ఎక్కడా తడి లేదు.

తర్వాత వచ్చిన పెద్ద వానకు తెల్లవార్లూ మెలకువగానే ఉన్నాం. వంటిల్లు పొడి. పెంకు అంచు గోడ పొడి. పూజగది గోడ మీద చెమ్మ మరక మాత్రం ఉంది. ఇది కొత్త నీరా, గోడ తాగిన పాత నీరా అన్నది చూసి చెప్పలేం. అందుకే మరక అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాం. వారం తర్వాత చూస్తే మరక గీతకు బెత్తెడు లోపలికి వెళ్లింది, వానలు పడుతుండగానే. అంటే గోడ ఆరుతోంది. అంగుళం మందం ఇటుక ఆరడానికే వారాలు పడుతుంది, ఇది తొమ్మిది అంగుళాల గోడ. ఆరేదాకా దాని మీద పుట్టీ, రంగు ఏదీ వేయనివ్వను. పడకగది ఊచ దగ్గర కూడా చలికాలంలోనే పని. తుప్పు గీకి, ఊచకు పూత వేసి, ఊడిన చోటు పూడ్చాలి. పైన నీరు ఆగింది కాబట్టి అప్పటిదాకా తుప్పు పెద్దగా ముందుకు పోదు.

మిగిలినవి ఇంకో రెండు పనులు. అక్టోబరుకు ముందు తూము జాలీలు, రేకు గాడిలోని సీలెంటు మరోసారి చూడాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ ఈ వైపు అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తుఫాను గాలి వానను అడ్డంగా కొడుతుంది కాబట్టి పెంకు అంచుకు అసలు పరీక్ష అప్పుడే. మౌసీ వాళ్ల వైపు నిలువు పైపుకు రెండు చోట్ల క్లాంపులు వదులయ్యాయి, మేస్త్రిగారు వచ్చే ఆదివారం వచ్చి బిగిస్తానన్నారు.